వీధి కేక, చట్టపు కంచె
(పాత సామాను బేరగాళ్ళు – రైల్వే కాలనీలు – మన కర్తవ్యం: ఖరగ్‌పూర్ సభ్యుల సభలో చేసిన ప్రసంగపాఠం)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ – ఈ మూడింటిని గురించి వినాలని మీరు ఈ సాయంకాలం ఇక్కడికి విచ్చేసినారు. నాకంటె ముందు మాట్లాడిన మిత్రులు వాటిని విపులంగా వివరించినారు. మాకు కేటాయించిన కొద్దిసేపటిని మాత్రం ఏ జీతాల పట్టీలోనూ పేరు లేని ఒక శ్రామికుని కోసం వినియోగించదలచినాము. మన గుమ్మం ముందుకు వచ్చి పాత బట్టలు పుచ్చుకొని స్టీలు గిన్నె ఇచ్చే మనిషి, పాత కాగితాలు, విరిగిన కుర్చీ, ఆగిపోయిన గడియారం బేరమాడి కొనే మనిషి, ఆ శ్రామికుడు. చాలాసార్లు అతడు పురుషుడు కాదు. నెత్తిన గంప, చంకన మూట ఉన్న స్త్రీ. “ఇది యూనియన్ పనియా?” అని కొందరు మిత్రులు అడగవచ్చును. యూనియన్ పనియేనని చెప్పడానికే మేము లేచినాము. ఒకనాడు కాదని చెప్పి తప్పు చేసినాము గనుక, ఆ సంగతి కూడ మీ ముందు దాచకుండా చెప్పవలసి ఉన్నది.

ఖరగ్‌పూర్ రైలు కట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు తరతరాలుగా వచ్చి స్థిరపడినారు. మన స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు దాటుతుంది. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయే వరకు ప్రపంచంలో ఇదే పొడవైనదని మనము గొప్పగా చెప్పుకొన్నాము. అయితే ఆ ప్లాట్‌ఫారం మీద దిగినవారందరూ నౌకరీ కాగితం పట్టుకొని దిగలేదు. నౌకరీ ఉన్నవారికి కావలసిన సరుకును నెత్తిన మోసుకొని దిగినవారు కూడ ఉన్నారు. మన వైపు చీరల మూట తెచ్చినవారు, శాంతిపూర్, ఫులియా నేత చీరలు తెచ్చిన బంగాళీలు, గాజుల మలారం మోసినవారు, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవారు, కత్తులకు సాన పట్టినవారు – వీరందరి కేకలూ మన క్వార్టర్ల వీధులలో వినిపించినవే. బంగాళీలో ఫేరీవాలా అంటారు, మనము బేరగాడంటాము. పేరేదైనా పని ఒక్కటే: దుకాణానికి పోలేని గృహిణి వద్దకు దుకాణాన్నే నడిపించుకొని రావడం.

రవీంద్రుడు 1892లో వ్రాసిన ‘కాబూలీవాలా’ కథను ఈ సభలో ఎరుగనివారుండరు. ఎండు పండ్లు అమ్ముకొనడానికి కలకత్తా వీధులలో తిరిగిన ఆ పరదేశికి కూడ ఇల్లు, బిడ్డ ఉన్నవని ఆ కథ చెప్పినది. కథ చదివి కన్నీరు పెట్టిన మనమే, మన వీధిలో తిరిగే మనిషికి ఇల్లు ఎక్కడ, బిడ్డలు ఎందరు అని ఎన్నడైనా అడిగినామా?

ముందుగా ఈ వృత్తి నడిచే తీరును పరిశీలించుదము. ఇంటి ఇల్లాలు నాలుగు పాత చీరలు, రెండు ప్యాంట్లు, ఒక ఉన్ని కోటు ముందు పెడుతుంది. బేరగత్తె ఒక్కొక్క బట్టను వెలుగుకెత్తి చూస్తుంది. అంచు చూస్తుంది, చిరుగు చూస్తుంది, జరీ ఉన్నదేమో చూస్తుంది. ఆమె కన్నే ఆమె తక్కెడ. అరగంట బేరం తరువాత ఒక స్టీలు డబ్బా చేతులు మారుతుంది. మనము అక్కడితో కథ ముగిసినదనుకొంటాము. వాస్తవానికి అక్కడే మొదలవుతుంది.

ఆ మూట సాయంకాలానికి ఇంటికి చేరుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చొని బట్టలు వేరు చేస్తారు. గట్టిగా ఉన్నవాటిని ఉతికి, చిరుగు కుట్టి, గుండీ వేసి, ఇస్త్రీ చేసి పాత బట్టల సంతకు చేరుస్తారు. కొత్త చొక్కా కొనలేని కూలివాడు అక్కడ కొంటాడు. మెత్తని నూలు చీరలు బంగాళీ ఇళ్ళలో కాంథా బొంతలవుతాయి. జరీ చీరలను వేరే బేరగాళ్ళు కొని, జరీని కరగించి అందులోని వెండి తీస్తారు. చిరిగిన ఉన్ని బట్టలకు హర్యానాలోని పానిపట్ ఉన్నది. అక్కడి మిల్లులు వాటిని చీల్చి, మరల నూలు వడికి, చౌక దుప్పట్లు నేస్తాయి. ఇక దేనికీ పనికిరాని నూలు పేలికలు యంత్రాల మీది నూనె తుడిచే గుడ్డలవుతాయి. సోదరులారా, నిన్న మీ గుమ్మంలో ఇచ్చిన పాత ధోవతి ముక్కతోనే రేపు ఏదో ఒక వర్క్‌షాపులో మీవంటి కార్మికుడు చేతులు తుడుచుకొనవచ్చును!

కాగితం సంగతీ అంతే. మీరు తూచి ఇచ్చిన పాత పత్రికలలో కొన్ని మిల్లుకు పోయి తిరిగి కాగితమవుతాయి. కొన్ని పేద స్త్రీల చేతులలో పొట్లాల సంచులై, పల్లీలు నింపుకొని మన ప్లాట్‌ఫారం మీదికే వస్తాయి. నేడు పర్యావరణం, పునర్వినియోగం అని పెద్ద సభలలో మాట్లాడుతున్నారు. ఆ మాటలు పుట్టకముందే ఈ పని చేసి చూపినది గంప నెత్తిన పెట్టుకొన్న మనిషి. ఇది మన దేశానికే పరిమితం కాదు. జపానులో కూడ పాత పత్రికలు పుచ్చుకొని, వాటికి బదులు మరుగుదొడ్డి కాగితం చుట్టలిచ్చే బేరగాళ్ళు చిన్న లారీలలో వీధి వీధి తిరిగేవారు. పేదరికమున్న చోటనే కాదు, పొదుపు ఎరిగిన చోటనెల్లా ఈ వృత్తి ఉన్నది.

వస్తువుకు ఆయుష్షు పోసేవారిలో బేరగాడు మొదటివాడు. కాని ఫలంలో అతని వాటా అన్నిటికన్న చివరిది. దీనికొక ఉదాహరణ చెబుతాము. మన తాతమ్మలు కాపురానికి వచ్చినప్పుడు ఊరినుండి ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు తెచ్చుకొన్నారు. శ్రీకాకుళం జిల్లా బుడితి గ్రామం ఈ పనికి పేరు పొందినది. స్టీలు వచ్చిన తరువాత ఆ బిందెలు అటకలెక్కినవి. అటక దిగిన నాడు తూకానికి పోయినవి. బేరగాడు లోహం ధర కట్టి కొంటాడు, దుకాణదారు దానిపై కొంత వేసుకొంటాడు. చాలావరకు కొలిమికి పోయి కరిగిపోతాయి. కరగకుండా మిగిలిన ఒకటి రెండు నగరంలోని అద్దాల దుకాణంలో ‘పురాతన కళావస్తువు’ అన్న చీటీ కట్టుకొని, తూకపు ధరకు ఎన్నో రెట్లు పలుకుతాయి. చేసిన కంచరికి ఆ ధరలో భాగం లేదు. ఇచ్చిన ఇల్లాలికి లేదు. ఎండలో మోసిన బేరగాడికీ లేదు. శ్రమ ఒకరిది, లాభం మరొకరిది అన్న మాటకు ఇంతకన్న దగ్గరి పాఠం మనకు అక్కరలేదు.

తపాలా సోదరులకు ఒక మనవి. ఈ ఊరిలో మీతో సమానంగా వీధులెరిగిన మనిషి బేరగాడొక్కడే. ఏ ఇంటిలో వృద్ధులు ఒంటరిగా ఉన్నారో, ఏ కుటుంబం బదిలీ అయి వెళ్ళినదో మీకు తెలుసు, వారికి తెలుసు. మీకొక బీటు ఉన్నది, వారికొక బీటు ఉన్నది. మీరు ఎండలో నడిచినంత దూరం వారూ నడుస్తారు, పైగా బరువుతో. తేడా ఎక్కడ? మీకు జీతం, సెలవు, వైద్యం ఉన్నవి. అవి ఎవరో దయతో ఇచ్చినవి కావు. 1946 తపాలా సమ్మెనాటినుండి మన పెద్దలు పోరాడి సాధించినవి. వారికి జ్వరం వచ్చిన నాడు పొయ్యి వెలగదు. అంతే తేడా.

ఇప్పుడు మా తప్పు చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక రైల్వే కాలనీలో – ఏ కాలనీ అన్నది ఇక్కడ ప్రధానం కాదు – ఏళ్ళ తరబడి స్టీలు సామాను తెచ్చే మన తెలుగు ముసలామె ఒకరుండేది. ఒకనాడు అనుమతి లేకుండా తిరుగుతున్నదని ఆమె గంపను పట్టుకొనిపోయినారు. ఆ గంపలోని సరుకు అప్పుగా తెచ్చినది. ఆమె తిన్నగా యూనియన్ ఆఫీసుకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడినది. “బాబూ, మీరొక్క మాట సెప్తే ఇచ్చేత్తారు. మీ ఇళ్ళకే గదా నాను తిరిగేది” అన్నది.

మేము ఏమన్నామో తెలుసునా? “అమ్మా, నీవు మా మెంబరువు కావు. ఇది మా పరిధిలోకి రాదు” అన్నాము. ఆమె కోపగించలేదు. “అలాగే బాబూ” అని వెళ్ళిపోయినది. తిరిగి ఆ కాలనీకి రాలేదు. గంప దొరికినదో లేదో, అప్పు తీరినదో లేదో మేము కనుక్కొనలేదు. ముప్పది ఏండ్ల సంఘ జీవితంలో ఎన్నో విజ్ఞప్తులు వ్రాసినాము. ఎన్నో చర్చలలో కూర్చున్నాము. ఆ ఒక్క సాయంకాలం మాత్రం మా లెక్కలో అప్పుగా మిగిలిపోయినది. “పరిధి” అన్న మాటను మనపై అధికారులు ప్రయోగించినప్పుడు మనకెంత మండుతుందో! ఆ మాటనే మేము ఒక శ్రామిక స్త్రీపై ప్రయోగించినాము.

ఆ తరువాత మేము చట్టాలు తిరగవేసినాము. తెలిసినదేమిటో వినండి.

వీధిలో వర్తకం చేసుకొని బ్రతకడం రాజ్యాంగం 19(1)(జి) అధికరణం క్రిందికి వచ్చే హక్కు అని, అది సమంజసమైన ఆంక్షలకు లోబడి ఉంటుందని, 1989లో సుప్రీంకోర్టు సోదన్ సింగ్ కేసులో తీర్పు చెప్పినది. 2014లో పార్లమెంటు వీధి వర్తకుల జీవనోపాధి రక్షణ చట్టం చేసినది. ఒకచోట కూర్చొని అమ్మేవారే కాక, తిరిగి అమ్మే బేరగాళ్ళు కూడ అందులో వీధి వర్తకులే. వారి సర్వే జరగవలెను, ధ్రువపత్రం ఇవ్వవలెను, సర్వే ముగిసేవరకు తొలగించరాదు. పట్టణ విక్రయ సంఘంలో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా వర్తకుల ప్రతినిధులు ఉండవలెను. ఆ ప్రతినిధులలో మూడవ వంతు స్త్రీలు కావలెను. మంచి చట్టమే.

కాని ఆ చట్టం మొదటి సెక్షన్‌లోనే నాలుగవ ఉపసెక్షన్ ఒకటి ఉన్నది. రైల్వేల యాజమాన్యంలో, అధీనంలో ఉన్న భూములకు, ఆవరణలకు, రైళ్ళకు ఈ చట్టం వర్తించదని అది చెబుతుంది. ఇక 1989 నాటి రైల్వే చట్టం 144వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు లేకుండా రైలు పెట్టెలోగాని, రైల్వేలో ఏ భాగంలోగాని సరుకు అమ్మడం నేరం. ‘రైల్వే’ అంటే ఏమిటని అదే చట్టం ఇచ్చిన నిర్వచనం చూడండి: పట్టాలు, స్టేషన్లు, వర్క్‌షాపులే కాదు, రోడ్లు, వీధులు, ఇన్‌స్టిట్యూట్లు, ఆసుపత్రులు, సిబ్బంది నివాసగృహాలు కూడ అందులో ఉన్నవి.

ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదవండి. మునిసిపాలిటీ వీధిలో హక్కుతో నిలబడిన మనిషి, రోడ్డు దాటి మన కాలనీ వీధిలో అడుగు పెట్టగానే నేరస్థుడు కాగలడు. గంప అదే, కేక అదే, కొనే ఇల్లాలి అవసరమూ అదే. ఊరి నడిబొడ్డున ఇంత రైల్వే భూమి ఉన్న ఖరగ్‌పూర్ వంటి చోట ఈ కంచె ఎంతమంది పొట్ట మీదుగా పోతున్నదో ఆలోచించండి. ప్రతి దినమూ కేసులు పెడుతున్నారని మేము అనడం లేదు. అసలు బాధ అది కాదు. కేసు పెట్టకుండా ఉండడం ఒకరి దయ మీద ఆధారపడినప్పుడు, ఆ దయకు వెల పుట్టుతుంది. ఆ వెల ఎవరు చెల్లిస్తారో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే 144వ సెక్షన్‌లోనే తాళంచెవి కూడ ఉన్నది. “రైల్వే యంత్రాంగం ఇచ్చిన లైసెన్సు లేకుండా” అన్న షరతు చూడండి. అంటే లైసెన్సు ఇచ్చే అధికారం యంత్రాంగానికి ఉన్నది. కొత్త చట్టం కోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చొననక్కరలేదు. కాలనీలలో తిరిగే బేరగాళ్ళకు, నామమాత్రపు రుసుముతో, ఫోటో ఉన్న గుర్తింపు పత్రం ఇవ్వవలెనని మనము కోరవచ్చును.

“దొంగలు చొరబడితే?” అని ఒక మిత్రుడు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కూడ న్యాయంగానే చెప్పుకొందము. ఎవరో తెలియని వందమంది కంటె, పేరు, ఊరు, ఫోటో ఉన్న పదిమంది కాలనీకి క్షేమం. భయం ఉన్నవారే లైసెన్సును ఎక్కువగా కోరవలెను. ఇక రైల్వే సొత్తు విషయం. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం ప్రకారం, దొంగిలించినదని సహేతుకంగా అనుమానించదగిన రైల్వే వస్తువు ఎవరి వద్ద దొరికితే వారే అది న్యాయంగా వచ్చినదని రుజువు చేసుకొనవలెను. మనలో ఎవరైనా అజాగ్రత్తగా ఒక పాత దీపమో, ఇనుప ముక్కో గంపలో పడవేస్తే జైలుకు పోయేది గంప మోసిన మనిషి. కనుక ఈ విషయంలో నిజాయితీ ముందుగా మన గుమ్మంలో మొదలు కావలెను.

“యజమాని లేనివారికి యూనియన్ ఏమిటి?” అన్నది మరొక ప్రశ్న. దీనికి చరిత్ర జవాబు చెప్పినది. 1971లో అహమ్మదాబాదులో పాత బట్టల వ్యాపారం చేసే స్త్రీలు తమ కష్టాలు చెప్పుకొనడానికి అక్కడి జౌళి కార్మిక సంఘపు మహిళా విభాగం వద్దకు వచ్చినారు. దానిని నడుపుతున్న ఇలా భట్ వారిని “మీరు మా మెంబర్లు కారు” అని త్రిప్పి పంపలేదు. ఒక తోటలో సభ జరిగినది. వందమందికి పైగా వచ్చినారు. మనకంటూ ఒక సంఘం ఉండవలెనని వారిలోనే ఒక స్త్రీ అన్నది. ఆ మాటనుండి స్వయం ఉపాధి మహిళల సంఘం, ‘సేవ’, పుట్టినది. కార్మిక శాఖ నమోదుకు ఒప్పుకొనలేదు. యజమాని లేడు, ఎవరిపై పోరాడుతారని అడిగినది. సంఘం ఒకరికి వ్యతిరేకంగా మాత్రమే ఉండనక్కరలేదు, శ్రామికుల ఐక్యత కోసం ఉంటుందని వారు వాదించి, 1972 ఏప్రిల్‌లో ట్రేడ్ యూనియన్‌గానే నమోదు చేయించుకొన్నారు. పాత చీరలు మోసిన స్త్రీలు మన దేశపు కార్మికోద్యమానికే ఒక కొత్త నిర్వచనం ఇచ్చినారు. వారు తట్టినదీ ఒక యూనియన్ తలుపే, మా వద్దకు వచ్చిన ముసలామె తట్టినదీ ఒక యూనియన్ తలుపే. అక్కడ తలుపు తెరుచుకొన్నది. మేము మూసినాము.

కావున ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

మొదటిది: ప్రతి శాఖ తన కాలనీలో తిరిగే బేరగాళ్ళ పేర్లు, వారి వృత్తి వివరాలు వారి సమ్మతితో వ్రాయవలెను. ఆ పట్టికతో డివిజన్ యంత్రాంగం వద్ద లైసెన్సు కోరిక పెట్టవలెను.

రెండవది: రైల్వే భూములకు ఇచ్చిన మినహాయింపును సిబ్బంది కాలనీల వీధుల వరకైనా తొలగించవలెనని ఫెడరేషన్ ద్వారా తీర్మానం పంపవలెను. తపాలా సోదరులు నివసించే చోట ఈ మినహాయింపు అడ్డు లేదు. అక్కడ మునిసిపాలిటీ సర్వేలో బేరగాళ్ళ పేర్లు చేరేటట్లు చూడవలెను. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ నమోదుకు కాగితాలు నింపి పెట్టడం మనకు అరగంట పని, వారికది ఆసరా.

మూడవది: పదవీ విరమణ, బదిలీ సమయాలలో క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు పాత వస్తువులను ఒక్క తూకంలో ముగించకండి. పనికివచ్చేది, బాగుచేయదగినది, కరగించవలసినది అని మూడు కుప్పలు పెట్టండి. మొదటి రెండు కుప్పలు వస్తువు ధరకే పోవలెను, లోహపు ధరకు కాదు. బేరగాడికి కూడ అందులోనే నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి, వస్తువూ బ్రతుకుతుంది.

నాలుగవది: నూరేళ్ళు దాటిన విగ్రహాలు, కళాఖండాల వంటివి 1972 నాటి పురావస్తు చట్టం క్రిందికి వస్తాయి, తాళపత్రాల వంటి చారిత్రక విలువ గల వ్రాతప్రతులకు డెబ్భై ఐదేళ్ళే గడువు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావలెను. అటువంటివాటిని గంపలో వేసి ఆ అమాయకుని చిక్కులో పెట్టకండి.

ఐదవది, చిన్నది: గుమ్మంలోకి వచ్చిన మనిషిని “ఏయ్” అని పిలవకండి. మంచినీళ్ళు అడిగితే ఇవ్వండి. బేరమాడండి, తప్పులేదు, బేరం వారికీ సరదాయే. కాని పూట గడవని మనిషి అవసరాన్ని కనిపెట్టి ధర విరవకండి.

మిత్రులారా! 1927లో ఈ ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగినారు. ఆనాటి నాయకులలో తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు ఒకరు. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె ఇరవై రోజులు నడిచినది. జీతాలు ఆగిపోయి, క్వార్టర్లనుండి సామాను బయటికి విసరివేసిన రోజులవి. అప్పుడు పొయ్యి ఎట్లా వెలిగినదని మా పెద్దలను అడిగితే, పెద్ద దుకాణాలు అరువు ఆపిన తరువాత కూడ “తరువాత ఇద్దురుగాని అమ్మా” అని సరుకు దించిపోయినవాడు గంప బేరగాడేనని చెప్పినారు. అతడు ఆనాడు మన మెంబరుషిప్పు కార్డు అడగలేదు. మన పరిధి ఏమిటని చూడలేదు.

ఆ అప్పు ఇంకా తీరలేదు. దయతో తీర్చే అప్పు కాదిది, ఐక్యతతో తీర్చవలసినది. రేపు ఉదయం మీ వీధిలో కేక వినబడినప్పుడు తలుపు తీయండి. ముందు ఆ మనిషి పేరు అడగండి. మన పట్టిక అక్కడ మొదలవుతుంది.

శ్రామిక ఐక్యత వర్ధిల్లాలి!